చూసినవాళ్ళు చెప్పాలి

హైదరాబాద్, లేడీస్ హాస్టల్
సెప్టెంబరు మొదటి వారం

వదినకి,

లహరి రాస్తోంది. ముందే చెప్తున్నాను, తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపావంటే ఊరుకోను. ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "ఫోన్లో వాగేదంతా మీ అమ్మకి. నాకు మాత్రం తెలుగులో ఉత్తరం రాయి, లేకపోతే రెండేళ్ళలో నీ తెలుగంతా హిందీలో కలిసిపోతుంది" అన్నావు. ఇదిగో రాస్తున్నాను. నువ్వు కళింగపట్నం నుంచి మా ఇంటికి కోడలిగా రాకపోయుంటే నాకు ఒత్తులు కూడా వచ్చేవి కావు. ఆ మాట ఒప్పుకుంటాను.

అమ్మ చేతిలో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది కాబట్టి అసలు మాటలు ఇక్కడే రాయాలి. మొదటి అసలు మాట ఏమిటంటే, భయంగా ఉంది. క్లాసులో అందరూ పెద్ద పెద్ద కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు. ఎంటెక్, జియోస్పేషియల్ డేటా సైన్స్, ఏఐ అని బోర్డు మీద చూసి మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నన్ను అందరూ "అండమాన్" అనే పిలుస్తారు. అక్కడ జైలే కదా, ఇళ్ళు కూడా ఉంటాయా అని ఒకడు అడిగాడు. ఉంటాయి భయ్యా, ఖైదీలు ఖాళీ చేశాక మేం దిగాం అన్నాను. నమ్మేశాడు వెధవ.

ఇంతకీ ఏం చదువుతున్నావని అన్న అడిగాడు కదా, ఇలా చెప్పు. ఉపగ్రహం పైనుంచి ఫోటో తీస్తుంది. ఆ ఫోటో నిండా గళ్ళు. ఒక్కో గడి అంటే కింద మూడు మీటర్ల చోటు. అన్న చేపల వేటకెళ్ళే చెక్క పడవ, మన డోంగీ, ఆ ఫోటోలో పడితే మూడు గళ్ళు, అంతే. సముద్రమంతా మనిషి కూర్చుని గడి గడీ చూడాలంటే కళ్ళు పోతాయి. అందుకని కంప్యూటర్‌కి వేల ఫోటోలు చూపించి ఇది పడవ, ఇది అల, ఇది మబ్బు నీడ అని నేర్పిస్తాం. నేర్చుకున్నాక అదే వెతికి పెడుతుంది. దాన్ని మోడల్ అంటారు. చిన్న పడవల్ని వెతికే మోడల్ పని మా గైడ్ తిరుమలరావు గారు నాకు అప్పగించారు. "పడవల సంగతి నీకు కాక ఇంకెవరికి తెలుస్తుందమ్మా" అన్నారు. మన ఊరు నాకు పనికి రావడం ఇదే మొదటిసారి.

అన్నని ఎండు కోనెం పంపమను. ఇక్కడ మెస్సులో చేపంటే చెరువు చేప. మట్టి వాసన, ఛీ.

నీ లహరి


బాంబూఫ్లాట్
అక్టోబరు, దసరా వెళ్ళాక

లహరికి,

ఎర్ర పెన్ను దొరకలేదు, బతికిపోయావు.

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించాను. మూడు గళ్ళ దగ్గర ఆపమని, "నా డోంగీ మూడే గళ్ళా? మరి చక్రిగాడి దానికెన్నేటి?" అని అడిగాడు. రెండే అన్నాను ఊరికే. ఆ పూటే రేవంతా తిరిగి చాటింపు వేసొచ్చాడు. చక్రి నాతో మాట్లాడ్డం మానేశాడు. అయినా వేటకి మాత్రం మీ అన్నా వాడూ జంటగానే వెళ్తారు, నీకు తెలుసు కదా వాళ్ళ సంగతి, పొద్దున తిట్టుకుంటారు, సాయంత్రం ఒకే కంచంలో తింటారు.

నీ చదువు ఇక్కడ పెద్ద కథైపోయింది. లహరి పైనుంచి అంతా చూస్తుందట అని రేవులో ఒకటే మాట. బేబీరాణి అక్క పెరట్లో స్నానాల తడిక మీద చీర కూడా కప్పుతోంది. రేవు పెద్ద యర్రయ్య తాతైతే, "మనూరి పిల్ల పైనుంచి సూత్తంది, ఎవుడూ ఏసాలెయ్యకండొరే" అని కుర్రాళ్ళని బెదిరిస్తున్నాడు. అలా కాదు తాతా అని నేను చెప్పబోతే మీ అమ్మ గయ్యిమంది. "ఏటి, నా కూతురికి కనపడదంటావేటి?" అని. ఆవిడ సంబరం ఆవిడది, నోరు మూసుకున్నాను.

దాచుకోను, నీ ఉత్తరం చదువుతుంటే అసూయ పుట్టింది. ఇంటర్ అయ్యాక నన్నూ చదివిస్తారనుకున్నాను, ఓడెక్కించారు. కక్కుకుంటూ ఇక్కడికి దిగాను. మీ అన్న మంచివాడు కాబట్టి సరిపోయింది. పండక్కి ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి గాజులు తెచ్చాడు. జేబులో పెట్టుకొచ్చాడట మహానుభావుడు, సగం ముక్కలే. మిగిలిన సగం వేసుకుంటే మీ అమ్మ "రెండు చేతులకీ లెక్క కుదరనేదేటే" అని పొద్దస్తమానం నవ్వుతోంది.

నువ్వు ఆ గుమ్మం దగ్గర ఆగకు. లోపలికి వెళ్ళి కూర్చో. ఎవరైనా అండమాన్ అంటే, అవును, ఏం అను.

నీ వదిన
కనకదుర్గ


బాంబూఫ్లాట్
నవంబరు, మంగళవారం

లహరీ,

ఇది బేబీరాణి అక్క కూతురి చేతికిచ్చి పంపుతున్నాను. తను ఇవాళ ఫ్లైట్లో హైదరాబాద్ వస్తోంది, సాయంత్రానికి నీ చేతికి అందుతుంది. ఫోన్లో మీ అమ్మ పక్కనే ఉంటే ఒక్క మాటా రాలేదు నాకు.

జరిగింది నీకు తెలుసు కానీ వరసగా చెప్తాను. చక్రికి జ్వరం. మీ అన్నని ఒంటరిగా వెళ్ళొద్దన్నాను. ఊరికే గాలాలు వేసి మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. ఆ రాత్రి మన ఇంటి రేకులు రెండు లేచిపోయాయి, అంత గాలి. తెల్లారాక రేవులో ఉన్న డోంగీలన్నీ వెతకడానికి దిగాయి. గాలి తూర్పుకి కొట్టింది కాబట్టి తూర్పుకే వెళ్ళారు. విమానం కూడా తిరిగింది. ఏమీ దొరకలేదు. చక్రి జ్వరంతోనే రోజూ వెళ్తున్నాడు, వచ్చి మన గుమ్మంలో కూర్చుని తల కొట్టుకుంటున్నాడు.

ఇక రేవు కట్టుబాటు. నువ్వు చిన్నప్పటి నుంచీ వినే ఉంటావు. మనిషి సముద్రంలో తప్పిపోతే, ఆ మనిషి సంగతి తేలేదాకా ఎవరూ వల వెయ్యకూడదు. వెతకడానికి దిగొచ్చు, వేటకి దిగకూడదు. తేలాలంటే శవమైనా రావాలి, లేకపోతే చూసినవాళ్ళు ఒకరు పెద్దల ముందు నిలబడి "నా కళ్ళతో చూశాను, లేడు" అని చెప్పాలి. అప్పుడే గడ్డిబొమ్మకి చొక్కా తొడిగి దహనం చేస్తారు, నా గాజులు తీస్తారు, డోంగీలు నీళ్ళలోకి దిగుతాయి. ఇన్ని రోజులుగా ఎవరి పొయ్యీ సరిగ్గా వెలగడం లేదు. ఎవరూ పైకి అనరు. బేబీరాణి అక్క నిన్న గంజి తెచ్చింది, ఆమె పిల్లలు గుమ్మం బయట నిలబడి ఆ గిన్నెకేసి చూస్తున్నారు.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని యర్రయ్య తాత నిన్న ఒక మాట అన్నాడు. "లహరి ఉంది గదేటి. పైనుంచి సూత్తాది. దాని కళ్ళు సూత్తే మన కళ్ళు సూసినట్టే లెక్క." అందరూ సరే అన్నారు. మీ అమ్మ కూడా సరే అంది. నా కూతురు చెప్తే ఒప్పుకుంటానంది. రేపు సాయంత్రం నీకు ఫోన్ చేసి అడుగుతారు.

నేను అడిగేది ఒక్కటే. నువ్వు చూస్తే చూశానని చెప్పు. చూడకపోతే చూడలేదని చెప్పు. తెలీదు అంటే నా పరువేం కావాలి అనుకోకు. రేవంతా నన్ను తిట్టుకున్నా నేను ఆగగలను. ఏడాదైనా ఆగుతాను. నా చేతులకి ఉన్నవి నీ మాట మీదే ఉంటాయి, నీ మాట మీదే పోతాయి. అది గుర్తుపెట్టుకుని చెప్పు.

కనకదుర్గ


హైదరాబాద్
నవంబరు చివర

వదినకి,

దినానికి రాలేకపోయాను. అన్న తప్పిపోయినప్పుడే బయల్దేరతానంటే, అక్కడే ఉండి వెతుకు, ఇక్కడికొచ్చి ఏం చేస్తావని అమ్మ అంది. ఉండి వెతికాను.

నువ్వు నిన్న ఫోన్ తియ్యలేదు. పడుకున్నావని అమ్మ చెప్పింది. నా మాట నిన్ను ఎంత కష్టపెట్టిందో నాకు తెలుసు. కానీ నేను ఊరికే చెప్పలేదు వదినా. మా ల్యాబ్‌కి రోజూ ఫోటోలు వస్తాయి. అన్న వెళ్ళిన రోజు నుంచి నేను ఫోన్లో చెప్పిన రోజు వరకూ, తూర్పు ఒక్కటే కాదు, దక్షిణం, పడమర, అన్ని వైపులవీ తీసుకున్నాను. మబ్బు ఉన్నవి పక్కన పెట్టాను. దీవులున్న భాగం తీసేసి, మిగతా నీళ్ళన్నీ మోడల్‌తో వెతికించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మన మోడల్ వందలో తొంభై మూడు పడవలు పట్టుకుంటుంది. ఇంటర్నేషనల్ పేపర్లలో కూడా ఇంత మంచి రిజల్ట్ తక్కువ. ఎక్కడా ఏమీ రాలేదు. నీటి మీద అన్న డోంగీ ఉండి ఉంటే వచ్చేది.

అందుకే తాతకి అలా చెప్పాను. చూశాను, లేడు అని.

తిరుమలరావు గారు వారం సెలవు తీసుకోమన్నారు. తీసుకోలేదు. పరీక్షలున్నాయి. పని చేస్తుంటేనే బాగుంటోంది.

నువ్వు అన్నం తింటున్నావా? అమ్మ తింటోందా?

లహరి


బాంబూఫ్లాట్
జనవరి

లహరికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఏం రాయాలో తెలీక.

తింటున్నాను. అత్త కూడా తింటోంది. దినం అయిన మర్నాడే డోంగీలు దిగాయి. మొదటి రోజు పడిన చేపల్లో ప్రతి డోంగీ నుంచీ ఒకటి మన గుమ్మంలో పెట్టి వెళ్ళారు. అదీ కట్టుబాటే. అంత చేప నేనేం చేసుకోను? ఉప్పేసి ఎండబెట్టాను. ఇప్పుడు అత్తా నేనూ పొద్దున్నే ఫెర్రీలో వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ మార్కెట్లో చేపలు అమ్ముతున్నాం. హిందీలో బేరమాడ్డం వచ్చేసింది. "దీదీ, థోడా కమ్ కరో" అంటే కళ్ళెర్రజేస్తున్నాను. మీ అన్న చూస్తే నవ్వేవాడు.

గడ్డిబొమ్మకి తొడగడానికి చొక్కా అడిగితే కొత్తది ఇచ్చాను. వాడినది ఇవ్వాలట. గొడవ పడ్డాను. వాడినది నా దగ్గరే ఉంది, ఇంకా ఉతకలేదు. యర్రయ్య తాత ఊరుకోమ్మా ఊరుకోమ్మా అని కొత్త చొక్కాతోనే కానిచ్చాడు. గాజులు పగలగొట్టొద్దు, తీస్తానన్నాను. అలాగే తియ్యనిచ్చారు. అయిపోయింది.

ఒకటి అడగాలనుంది. నీకు కష్టమైతే చెప్పకు. నువ్వు చూశావు కదా. ఆ నీళ్ళు ఎలా ఉన్నాయి? మీ అన్న ఉన్నచోటు అదే కదా ఇక. కళ్ళు మూసుకుంటే నాకు ఏ నీళ్ళూ కనపడ్డం లేదు, మన రేవు దగ్గరి బురద నీళ్ళు తప్ప. దాంట్లో ఆయన్ని ఊహించుకోలేకపోతున్నాను. రంగు ఎలా ఉంది, నురగ ఉందా, చుట్టుపక్కల ఏమున్నాయి, నువ్వు చూసింది చూసినట్టు రాయి. ఎన్ని పేజీలైనా చదువుతాను.

కనకదుర్గ


హైదరాబాద్
జనవరి చివర

వదినకి,

నీలంగా ఉన్నాయి. ప్రశాంతంగా ఉన్నాయి.

పరీక్షలు బాగా రాశాను. వచ్చే టర్మ్ నుంచి థీసిస్ పని. కొంచెం బిజీ. అమ్మకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? డాలీగంజ్‌లో కొత్త డాక్టర్ వచ్చాడట, చూపించు.

లహరి


బాంబూఫ్లాట్
ఫిబ్రవరి

లహరీ,

నీ ఉత్తరం వచ్చింది. రెండు మాటలు.

ఖైదీలు ఖాళీ చేశాక దిగాం అన్న వెధవ జోకు నాలుగు లైన్లు రాసే పిల్లవి నువ్వు. అన్న మునిగిన నీళ్ళ గురించి రెండు మాటలు రాశావు. కళ్ళతో చూసిన మనిషి అలా ఆగదు. నేను ఆ ఒక్క రోజు గురించి ఎన్ని ఉత్తరాలైనా రాయగలను. ఇంకో సంగతి, ఆ వారంలో సగం రోజులు ఇక్కడ ఆకాశం సిమెంటు రంగులో ఉంది. ప్రశాంతంగా ఉండడమేమిటి?

నీ మోకాళ్ళ డాక్టర్ సంగతి తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు. నువ్వు చూశావా?

కనకదుర్గ


హైదరాబాద్
మార్చి

వదినా,

చూడలేదు.

ఆ రోజు నేను చూడలేదు వదినా. మెషిన్ చూసింది. అది ఏమీ లేవని ఒక సున్నా ఇచ్చింది, ఆ సున్నా పట్టుకుని ఫోనెత్తాను. ఒక్క ఫోటో కూడా నా కళ్ళతో తెరవలేదు. పని ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. తెరిస్తే అన్న కనిపిస్తాడేమోనని భయం. తలకిందులైన డోంగీ, పక్కన ఏదైనా. మెషిన్‌కైతే ఏడుపు రాదు కదా, దానికి ఇచ్చేశాను.

నీ ఉత్తరం నా బ్యాగులోనే ఉంది అప్పుడు. చూడకపోతే చూడలేదని చెప్పమన్నావు. చెప్దామనే అనుకున్నాను. "నీ కళ్ళతో సూసావా తల్లీ?" అని తాత అడిగాడు. వెనకాల రేవంతా ఉంది. అమ్మ ఊపిరి వినిపిస్తోంది. నేను చూడలేదు తాతా, నాకు అలా కనపడదు, అది మీరందరూ అనుకుంటున్న చదువు కాదు అని చెప్పాలి. చెప్పలేదు. అమ్మ పరువు అనుకున్నాను, కాదు, నా పరువే. చూశాను అన్నాను.

ఇప్పుడు ఇంకోటి చెప్పాలి. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నువ్వు చూశావా అన్న నీ ఉత్తరం వచ్చాక, ఆ నీళ్ళు ఎలా ఉన్నాయో నిజంగా చూసి రాద్దామని ఆ ఫోటోలు తెరిచాను. నీళ్ళ కోసమే తెరిచాను. ఒక్కొక్కటీ, గడి గడీ. తూర్పులో ఏమీ లేదు. దక్షిణంలో చాలా దూరంలో ఒక చిన్న దీవి ఉంది, మ్యాపులో పేరు కూడా లేదు. ఇసుక, కొన్ని చెట్లు, అంతే. ఆ ఇసుక మీద మూడు గళ్ళున్నాయి.

మోడల్‌కి అది ఎందుకు కనపడలేదో చెప్తాను. నేల మీద ఇళ్ళనీ బండరాళ్ళనీ చూసి పడవలనుకుని అది పొరబడుతుంది. అలా పొరబడకుండా వెతికే ముందే దీవులన్నిటి మీదా నలుపు పూసి దాచేస్తాం. అందరూ అలాగే చేస్తారు, పుస్తకాల్లో అలాగే ఉంటుంది. నేనూ అలాగే చేశాను. ఆ దీవిని నేనే నలుపుతో కప్పాను వదినా. దీవుల్లో పుట్టి, గాలికి కొట్టుకుపోయినవాడు ఏదో ఒక దీవి ఎక్కుతాడన్న జ్ఞానం లేకుండా పోయింది నాకు. సముద్రంలో పోయినవాడిని సముద్రంలోనే వెతికాను.

గాలి తూర్పుకి కొట్టినా ప్రవాహం అటు లాగినట్టుంది. మొదటి ఫోటోలో డోంగీ నీటి అంచున ఉంది. రెండు రోజుల తర్వాతి ఫోటోలో చెట్ల దాకా వెళ్ళింది. అల అంత దూరం తోయదు. ఎవరో లాగారు. తర్వాత తాత నాకు ఫోన్ చేసిన బుధవారం నాటి ఫోటో. చెట్ల పక్క నుంచి సన్నగా ఒక మసక గీత. మబ్బేమో అనుకుని తిరుమలరావు గారికి చూపించాను. ఎవరి కోసం వెతుకుతున్నానో నేను చెప్పలేదు. ఆయన చాలాసేపు చూసి, "ఇది పొగమ్మా, ఇక్కడ ఎవరో ఉన్నారు" అన్నారు.

గురువారం ఫోటోలో కూడా ఆ గీత ఉంది, ఇంకా నల్లగా. శనివారం ఉంది. ఆ తర్వాత మబ్బు. మబ్బు తీశాక లేదు.

గురువారం నువ్వు గాజులు తీశావు. ఆ రోజు అన్న బతికే ఉన్నాడు.

పోలీసులకి చెప్పాను. ఆ దీవి ఎక్కడుందో పంపాను. ఈ ఉత్తరం నీకు అందే లోపలే వాళ్ళు ఇంటికి రావచ్చు. నన్ను క్షమించమని అడగను. నేను ఇక ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేకపోతున్నాను.

లహరి


బాంబూఫ్లాట్
ఏప్రిల్

లహరీ,

వెళ్ళొచ్చాం. పోలీసు బోటులో నన్నూ చక్రినీ తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు వద్దన్నారు, నేను బోటెక్కి కూర్చుని దిగనన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఏం చేశానో రాయను. రాస్తే నువ్వు తట్టుకోలేవు. ఆ రోజు నువ్వు ఎదురుగా ఉంటే చంపేసేదాన్ని, అంతవరకు తెలుసుకో.

మీ అన్న చెట్ల కింద ఉన్నాడు. ఎముకలు. నిక్కరు గుర్తుపట్టాను. నీళ్ళ కోసం ఇసుకలో అక్కడక్కడా తవ్విన గుంటలున్నాయి. చిన్న పొయ్యి పెట్టుకున్నాడు, పక్కన పీత డొప్పలున్నాయి. ఇంజను ఇసుకలో పడి ఉంది, దాని మూత తీసి ఉంది, బాగుచెయ్యాలని చూసినట్టున్నాడు.

డోంగీ లేదు.

అల తీసుకుపోయిందేమో అనుకుని నేను నీటి అంచు దాకా వెళ్ళి చూస్తున్నాను. చక్రి వెనక నుంచి పిలిచాడు. "వొదినా, అటు కాదు. ఇటు రా." చెట్ల అవతల పెద్ద బూడిద కుప్ప. వాన పడి గట్టిపడిపోయింది. దాంట్లో మేకులున్నాయి, డోంగీ మేకులు. చక్రి వాటిని చేత్తో ఏరుతూ కూర్చున్నాడు. "కాల్సీసాడు" అన్నాడు. దీవి నిండా ఎండుకట్టెలున్నాయి కదా, డోంగీ ఎందుకు కాల్చడం అని నేను అడిగాను. "కట్టెలకి తెల్లపొగ వొత్తాది వొదినా. డోంగీకి తారుంటాది. నల్లపొగ లెగుత్తాది. ఆపైన పచ్చాకులేసాడు. పైకి కనపడాలని" అన్నాడు. అని ఆ మేకులు ఒళ్ళో పోసుకుని ఏడ్చాడు. పోలీసులు కూడా అటు తిరిగి నిలబడ్డారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఇంజను పోయినా తెడ్డు ఉంది. గాలి తగ్గాక మళ్ళీ నీళ్ళలోకి దిగి చచ్చో బతికో చూసుకోవచ్చు. మన రేవులో ఎవడైనా అదే చేస్తాడు. చెక్క ఊడితేనే ప్రాణం పోయినట్టు చేస్తారు వీళ్ళు. అలాంటివాడు పలకా పలకా ఊడదీసి తన డోంగీనే తగలబెట్టుకున్నాడంటే, ఇక తిరిగి వెళ్ళే దారి అక్కర్లేదనుకున్నాడన్నమాట. పొగ ఎవరో చూసే ఉంటారు, బయల్దేరే ఉంటారు, ఇవాళో రేపో వచ్చేస్తారు అనుకున్నాడు. బుధవారం కొంచెం కాల్చాడు, గురువారం ఇంకొంచెం కాల్చాడు. శనివారానికి డోంగీ అయిపోయింది.

దహనం మళ్ళీ చేశాం. ఈసారి వాడిన చొక్కా ఇచ్చాను.

చదువు మానేస్తానని మీ అమ్మతో అన్నావట. మానకు. మానేసి ఇక్కడికొచ్చి నా ఎదురుగా కూర్చుంటే నేను చూడలేను. నువ్వు చేసిన తప్పేమిటో ఆ తిరుమలరావు గారికి చెప్పు, నీతో చదివేవాళ్ళందరికీ చెప్పు. దీవుల మీద నలుపు పూసేముందు ఒక్కసారి చూడమను. అది నా కోసం కాదు, నాకు ఇక దాంతో పని లేదు. నీ మీద కోపం పోలేదు. పోయిన రోజున నేనే రాస్తాను, అప్పటిదాకా నువ్వు రాయకు.

మీ అమ్మ సంగతి. ఎముకలు దొరికాయని ఆవిడకి తెలుసు. మిగతాదేదీ తెలీదు. గాలి కొట్టిన రాత్రే పోయాడత్తా, నీళ్ళే ఆ దీవికి చేర్చాయి అని చెప్పాను. చక్రి చేత కూడా అదే చెప్పించాను, యర్రయ్య తాత చేత కూడా. "నా బిడ్డ బాధపడ్నేదు గదా?" అని ఒకటికి పదిసార్లు అడుగుతోంది. లేదత్తా అంటున్నాను. నా మాట సగమే నమ్ముతోంది. ఆదివారం నీకు ఫోన్ చేసి అడుగుతుంది. ఆ రాత్రే పోయాడని చెప్పు. గొంతు వణక్కుండా చెప్పు.

కనకదుర్గ